నా కారుకు కొత్త చేతులు

పాత కారు కొనేవాళ్లు మామూలుగా మూడు చూస్తారు. తిరిగిన కిలోమీటర్లు, ఇంజిన్, రంగు. కొంచెం తెలిసినవాళ్లయితే టైర్లు కూడా చూస్తారు. కింద పడుకుని, ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచుతున్నదేంటో చూసేవాళ్లు చాలా తక్కువ. అక్కడ ఉండేది ఒక ఇనుప చేయి. దానికి ఒక పక్క రెండు రబ్బరు బుష్‌లు, ఇంకో పక్క ఒక బాల్ జాయింట్. మెకానిక్‌లు దాన్ని లోయర్ ఆర్మ్ అంటారు. కంపెనీ పుస్తకాల్లో కంట్రోల్ ఆర్మ్.

ఈమధ్య నా కారుకు ఆ రెండు చేతులూ మార్చాల్సి వచ్చింది. అప్పుడు తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా. మీ దగ్గర ఉన్నది పాత స్విఫ్ట్ అయినా, నిన్న కొన్న ఎస్‌యూవీ అయినా ఇందులో చాలా భాగం మీకూ పనికొస్తుంది. రబ్బరుకి బ్రాండ్‌తో పని లేదు, ఎవరి కారులో ఉన్నా ముసలిదవుతుంది.

ఏపీ 09 నంబరుతో

నాది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 2005 మోడల్, 2006 జనవరిలో రిజిస్టర్ అయింది. ఇంకా ఏపీ 09 నంబరే. రాష్ట్రం విడిపోయి టీఎస్ వచ్చింది, 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. నా ప్లేటు మాత్రం ఉమ్మడి రాష్ట్రంలోనే ఆగిపోయింది.

"స్పోర్ట్స్ కారు అంటే రెండు డోర్లు ఉండాలి కదా బ్రో" అని ఆఫీసులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నిజమే, చూడ్డానికి ఇది మామూలు ఫ్యామిలీ కారే. కానీ బానెట్ కింద 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉంది. 20 వాల్వులు, 150 గుర్రాల శక్తి. యూరప్‌లో ఇదే కారు 180తో వచ్చింది, మనకు కొంచెం తగ్గించి ఇచ్చారు. టర్బో పెట్రోల్ అనే మాటే చాలామందికి కొత్తగా ఉన్న రోజుల్లో మన రోడ్ల మీదకి వచ్చిన బండి ఇది. అప్పట్లో స్కోడా ఇదే ఆక్టేవియా పేరుతో ప్రపంచ ర్యాలీ పోటీల్లో కూడా దిగింది.

దీని కింది భాగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నాలుగో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, మొదటి తరం ఆడీ టీటీ, న్యూ బీటిల్, ఇవన్నీ ఒకే ప్లాట్‌ఫాం మీద కట్టిన కార్లు. అంటే మా కాలనీలో తిరిగే ఈ పాత ఆక్టేవియాకి, పోస్టర్లలో చూసిన ఆడీ టీటీ స్పోర్ట్స్ కారుకి పునాది ఒక్కటే. ఈ చుట్టరికమే తర్వాత నాకు స్పేర్ పార్టుల వేటలో సాయం చేసింది.

టక్

శబ్దం సెప్టెంబరులో మొదలైంది. నల్లగండ్ల ఫ్లైఓవర్ దిగి మా కాలనీ వైపు తిరిగాక స్పీడ్ బ్రేకర్లు వరసగా వస్తాయి. మూడోదాని దగ్గర ఎడమ పక్క కింద నుంచి "టక్" అంది. ఒక్కసారే. తలుపు గొళ్లెం పడినట్టు. మర్నాడు కూడా అక్కడే. వారం తిరిగేసరికి బ్రేక్ తొక్కినప్పుడు కూడా వస్తోంది.

స్పీడ్ బ్రేకర్ మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్తా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిన మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటేలా లెక్క కట్టిన కొలత అది. ఇప్పుడు మీ వీధిలో సిమెంటుతో రాత్రికి రాత్రే వేసినదాన్నో, నల్లా పసుపు ప్లాస్టిక్ ముక్కలు బోల్టులతో బిగించినదాన్నో గుర్తు తెచ్చుకోండి. అడుగు వెడల్పు, నిట్టనిలువు ఎత్తు. టైరు దాన్ని ఎక్కదు, గుద్దుకుంటుంది. ఆ గుద్దు మొదట చేరేది లోయర్ ఆర్మ్ బుష్‌కే. పైపు కోసం తవ్వి సగం పూడ్చిన గుంత దగ్గర కూడా అంతే. మనం ఆఫీసుకి వెళ్లేది 8 కిలోమీటర్లే కావచ్చు. బుష్ లెక్కపెట్టుకునేది కిలోమీటర్లు కాదు, దెబ్బలు.

మామూలుగా అయితే ఆ శబ్దాన్ని ఇంకో రెండు నెలలు పాటలతో కప్పేసేవాణ్నేమో. కానీ అప్పుడే ఇంట్లో ఒక విషయం తేలింది. మా అక్కకి ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి. దసరా పోయాక మంచిరోజు చూసి సూర్యాపేట తీసుకెళ్లాలి. బావ క్యాబ్ బుక్ చేస్తానన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "తెలియని డ్రైవర్ వద్దు. తమ్ముడు మెల్లగా నడుపుతాడు, వాడి కారులోనే పోతా" అంది.

నల్లగండ్ల నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి, విజయవాడ హైవే మీద సూర్యాపేట. ఔటర్ మీద 2023 నుంచి కుడివైపు లేన్లలో 120 దాకా వెళ్లొచ్చు. నేను 80లోనే పోయినా పక్కన లారీలు ఆగవు కదా. ఎడమ ముందు చక్రం దగ్గర టక్ అంటోంది. అక్క కూర్చునేది సరిగ్గా దాని వెనకే, ముందు సీట్లో. ఈ కారు వెనక సీట్లో కాళ్లకి చోటు తక్కువ మరి.

అమ్మ ఫోన్‌లో ఒక్కటే మాట అంది. "గా పాత డబ్బాల నా బిడ్డను తీస్కొస్తవా?"

చక్రాన్ని పట్టుకున్నదెవరు

ఇప్పుడున్న చాలా కార్లలో ముందు చక్రం దగ్గర ఉండే అమరికని మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు పేరు అది. 1950ల మొదట్లో బ్రిటన్‌లో తయారైన ఫోర్డ్ కాన్సల్‌తో మార్కెట్లోకి వచ్చింది. ఐడియా చాలా సింపుల్. పైన స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన ఒక స్తంభం. కింద ఒక చేయి. అంతే. పైభాగాన్ని స్తంభం పట్టుకుంటే కిందిభాగాన్ని చేయి పట్టుకుంటుంది. చక్రం పైకీ కిందికీ కదలొచ్చు, కానీ ముందుకి వెనక్కి, పక్కకి జరగకూడదు. జరగకుండా ఆపే పని చేతిది.

నా కారులో ఆ చేయి ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా ఉంటుంది. లోపలి పక్క రెండు చోట్ల సబ్‌ఫ్రేమ్‌కి బోల్టులతో కడతారు. ఆ రెండు చోట్లా రబ్బరు బుష్‌లు. బయటి కొసన బాల్ జాయింట్, మన భుజం ఎముక కీలు లాంటిది. ముందు బుష్ చిన్నది, చేయి కదలికకి ఇరుసు లాంటిది. వెనక బుష్ పెద్దది. బ్రేక్ వేసినప్పుడు చక్రం వెనక్కి తోసుకొస్తుందే, ఆ తోపుని మింగేది ఇదే. మింగడానికే దాని రబ్బరులో కావాలని ఖాళీలు వదులుతారు.

బుష్ చినిగితే ఏమవుతుంది? చక్రం బ్రేక్ వేసినప్పుడల్లా కొంచెం వెనక్కి జరుగుతుంది, వదిలితే ముందుకొస్తుంది. ఆ జరుగుడు శబ్దమే టక్. స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. ఇది ఇబ్బంది. బాల్ జాయింట్ ఊడితే మాత్రం ఇబ్బంది కాదు, ప్రమాదం. చక్రం కింది భాగాన్ని పట్టుకునేది ఇక ఏదీ ఉండదు. చక్రం బయటికి వాలిపోయి బండి ఆ మూల మీద కూలబడుతుంది. రోడ్డు పక్కన ముందు చక్రం మడతపడినట్టు ఆగిపోయిన ఆటోనో, కారునో మీరు ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు.

ఎస్టిమేట్, ఆ తర్వాత

ముందు ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్లా. పేరెందుకులెండి. ఏసీ గదిలో కాఫీ ఇచ్చారు, 40 నిమిషాల్లో వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపారు. స్ట్రట్లు, మౌంటులు, ఆర్మ్‌లు, లింక్ రాడ్లు, స్టీరింగ్ ర్యాక్, అన్నీ మార్చాలట. చివర్లో ఉన్న మొత్తం చూసి మా టీం కుర్రాడు "దీనికి మంచి బైక్ వస్తుంది భయ్యా" అన్నాడు. డబ్బు కంటే నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. ఇన్నిట్లో ఏది చెడిందో ఆ కాగితం చెప్పలేదు. అన్నీ మారిస్తే శబ్దం పోతుంది, నిజమే. సర్వర్ మొత్తం ఫార్మాట్ చేస్తే బగ్ కూడా పోతుంది.

తర్వాత లింగంపల్లి దాటాక ఒక సందులో ఉన్న షెడ్డుకి వెళ్లా. మేస్త్రి వయసు 50 పైనే. పేరు రాయొద్దన్నాడు. "రాస్తే నువ్వొక్కడివి కాదు, అందరు ఆక్టేవియాలు పట్కొస్తరు" అని నవ్వాడు. ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి తనే నడిపాడు. మొత్తం పది నిమిషాలు. స్పీడ్ బ్రేకర్ల మీద ఒకసారి రెండు చక్రాలు, ఒకసారి ఎడమది మాత్రమే ఎక్కించాడు. రివర్స్‌లో పోయి బ్రేక్ వేశాడు, వెంటనే ముందుకొచ్చి మళ్లీ వేశాడు. బండి ఆపి స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాడు.

ఈ పరీక్షలు మీరూ చేసుకోవచ్చు, అందుకే వివరంగా చెప్తున్నా. చిన్న చిన్న గతుకుల మీద గడగడా మోగితే ఎక్కువగా లింక్ రాడ్. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు పైనుంచి స్ప్రింగు జారినట్టు శబ్దం వస్తే స్ట్రట్ మౌంటు. రివర్స్‌లో ఒకసారి, ముందుకి ఒకసారి బ్రేక్ వేసినప్పుడు ఒక్కో టక్ వస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్. నాది మూడోది.

ఆ తర్వాత బండిని జాకీ మీద లేపి, స్టాండు పెట్టాడు. చక్రాన్ని గడియారం అనుకోండి. 12 దగ్గర ఒక చేయి, 6 దగ్గర ఒక చేయి పెట్టి ఊపాడు. కొంచెం ఆడింది. రాడ్ తీసి ఆర్మ్‌కీ, చక్రం హబ్‌కీ మధ్య పెట్టి ఎత్తాడు. ఎడమ బాల్ జాయింట్ పైకీ కిందికీ స్పష్టంగా కదిలింది. 9, 3 దగ్గర పట్టుకుని ఊపితే ఏం లేదు. అంటే స్టీరింగ్ రాడ్లు బాగానే ఉన్నాయి. టార్చి పట్టి వెనక బుష్ చూపించాడు. రబ్బరు చుట్టూ సగం దాకా చీలిక. కుడి పక్క చీలిక చిన్నది, కానీ ఉంది.

"రెండు ఆర్ములు, రెండు బాల్ జాయింట్లు. గంతే. షాకబ్జర్లు ఇంకో ఏడాది నడుస్తయ్. ర్యాక్ మంచిగుంది" అన్నాడు.

"కుడిది కూడా మార్చాలా అన్నా?"

"ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాత చెప్పు ఏస్కొని ఉరుకుతవా?"

తర్వాత చదివితే పుస్తకాల్లోనూ అదే ఉంది. ఒక పక్క బుష్ గట్టిగా, ఇంకో పక్క మెత్తగా ఉంటే బ్రేక్ వేసినప్పుడు రెండు చక్రాలు ఒకేలా స్పందించవు. బండి ఒక పక్కకి లాగుతుంది.

రాణిగంజ్

శనివారం పొద్దున లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కా. జేమ్స్ స్ట్రీట్‌లో దిగితే రాణిగంజ్ నడిచేంత దూరమే. కారు తీసుకెళ్తే పార్కింగ్‌కే గంట పడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో అయితే పుత్లీబౌలి వైపు దొరుకుతాయని ఫ్రెండ్ ఒకడు చెప్పాడు. డోర్ హ్యాండిల్, అద్దం, డిక్కీ మూత లాంటివైతే నేనూ అటే వెళ్లేవాణ్ని. బుష్ విషయంలో అది పనికిరాదు. తుక్కు చేసిన కారులోంచి తీసిన ఆర్మ్‌లో రబ్బరు వయసు కూడా 20 ఏళ్లే. రబ్బరు తిరిగితేనే అరిగేది కాదు. వేడికి, గాలిలోని ఓజోన్‌కి, కారే ఆయిల్‌కి ఊరికే నిలబడి ఉన్నా గట్టిపడి పగులుతుంది. హైదరాబాద్ మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

మొదటి షాపులో "లేదు". రెండో షాపులో "ఆక్టేవియా అంటే కొత్తదా?" మూడో షాపులో పెద్దాయన అడిగిన ప్రశ్న వేరు. "నంబరు ఉందా?" పాత ఆర్మ్ మీద అచ్చు వేసిన నంబరు ఫొటో చూపించా. 1జె0తో మొదలవుతుంది. "ఇది గోల్ఫ్ నంబరు. బీటిల్‌ది చూస్తా ఆగు" అన్నాడు. ఇందాక చెప్పిన చుట్టరికం ఇక్కడ పనికొచ్చింది. కారు పేరుతో అడిగితే లేదనే వస్తువు పార్ట్ నంబరుతో అడిగితే దొరుకుతుంది. పాత కారు ఉన్నవాళ్లు ఫోన్‌లో మొదట సేవ్ చేసుకోవాల్సింది ఇదే.

రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి లెమ్‌ఫోర్డర్, జర్మనీలోని జడ్‌ఎఫ్ గ్రూపు బ్రాండు. ఇంకోటి పేరు లేని డబ్బాలో, దాదాపు మూడో వంతు ధరకి. పక్కపక్కన పెడితే ఇనుము ఒకేలా ఉంది. రబ్బరు చూస్తే తేడా తెలిసింది. చవకదాంట్లో అచ్చు అంచులు అలాగే మిగిలి ఉన్నాయి. రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కున్న చోట గోరు పట్టేంత సందు. సీట్ కవర్లు చవకవి కొనొచ్చు. ఇది కొనలేను. మనసులో అక్క కూర్చునే సీటే కనిపిస్తోంది.

బుష్‌లు మాత్రమే కొని పాత చేతుల్లోకి నొక్కిస్తే ఇంకా తక్కువలో అయ్యేది. కానీ నొక్కాలంటే సరైన ప్రెస్, సరైన కొలత గొట్టాలు కావాలి. వెనక బుష్ ఖాళీలు ఒక దిశలోనే ఉండాలి, అటూ ఇటూ తిరిగితే కొత్త బుష్ కూడా త్వరగా పోతుంది. అందుకే కంపెనీలోనే నొక్కిన పూర్తి ఆర్మ్ తీసుకున్నా.

ఇంకో ఆశ కూడా పుట్టింది, దాచడమెందుకు. ఇలాంటి కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఆడీ టీటీ వెనక బుష్ వేసుకుంటారు. అందులో ఖాళీలు ఉండవు, గట్టిది. స్టీరింగ్ తిప్పగానే బండి తిరుగుతుంది. కానీ ఆ గట్టిదనం ప్రతి గతుకునీ స్టీరింగ్‌లోకి తెస్తుంది. రేస్ ట్రాక్ మీద అది లాభం. నల్లగండ్ల నుంచి గోపనపల్లి దాకా అది వెన్నునొప్పి. మామూలు బుష్‌నే కొన్నా.

షెడ్డులో ఒకటిన్నర రోజు

మేస్త్రి షరతు ఒక్కటే. "చూడు, పట్టుకో, కానీ తొందర పెట్టకు." నా షరతు కూడా ఒక్కటే. బోల్టులు కొత్తవి వేయాలి.

దీనికి కారణం ఉంది. ఈ కారులో ఆర్మ్‌ని కట్టే బోల్టులు బిగించినప్పుడు కొద్దిగా సాగేలా చేసినవి. సాగిన బోల్టు రబ్బరు బ్యాండులా లాగి పట్టుకుంటుంది, అందుకే వదులవదు. ఒకసారి సాగిందాన్ని మళ్లీ సాగదీస్తే ఆ పట్టు నమ్మలేం. అందుకే కంపెనీ ప్రతిసారీ కొత్తవి వేయమంటుంది. వేసే పద్ధతి కూడా రెండు మెట్లు. ముందు 70 న్యూటన్ మీటర్ల బిగింపు, ఆపైన 90 డిగ్రీలు తిప్పాలి. 70 న్యూటన్ మీటర్లంటే మీటరు పొడవు రాడ్ కొసన ఏడు కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత.

చక్రం విప్పాక మేస్త్రి చేసిన మొదటి పని పానా పట్టడం కాదు, తెల్ల పెయింటు డబ్బా తీయడం. బాల్ జాయింట్ ఆర్మ్ మీద మూడు బోల్టులతో కూర్చుంటుంది. ఆ రంధ్రాలు కొంచెం పొడవుగా ఉంటాయి, అంటే జాయింటుని అటూ ఇటూ జరపొచ్చు. జరిపితే చక్రం వాలు మారుతుంది. పాతది ఎక్కడ కూర్చుందో గీత గీసి, ఆ కొలతలోనే కొత్తది పెట్టాలి. అలైన్‌మెంట్‌కి ముందు బండి కనీసం తిన్నగా నడవాలి కదా.

ఎడమ పక్క గంటన్నరలో అయిపోయింది. కుడి పక్క ముందు బోల్టు మొండికేసింది. తల తిరుగుతోంది కానీ బయటికి రావడం లేదు. బుష్ లోపలి ఇనుప గొట్టానికీ బోల్టుకీ మధ్య తుప్పు పట్టి రెండూ ఒకటైపోయాయి. హెల్పర్ కుర్రాడు గ్రైండర్ అందుకున్నాడు. మేస్త్రి వద్దన్నాడు. "బోల్టు కోస్తవు, ఫ్రేమ్‌ల మర కూడ పోతది. గప్పుడు ఏం జేస్తవు?" తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ ఆయిల్ కొట్టి అలాగే వదిలేశాడు. ఆ రాత్రి కారు షెడ్డులోనే. ఆదివారం పొద్దున వెళ్లేసరికి బోల్టు టేబుల్ మీద ఉంది. సగం పొడవు ఎర్రగా, మధ్యలో సన్నబడి. దాన్ని చూశాక కొత్త బోల్టుల గురించి ఇంకెవరూ మాట్లాడలేదు.

బరువు మీద బిగింపు

అసలు కీలకం ఇక్కడ ఉంది. ఈ వ్యాసంలో ఒక్క పేరా గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి.

కొత్త ఆర్మ్ ఎక్కించారు. బోల్టులు చేత్తో తిప్పి ఆపారు. బండి ఇంకా స్టాండ్ల మీదే ఉంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. చేతులు కూడా కిందికి వేలాడుతున్నాయి. నేను టార్క్ రెంచ్ తీశా. మేస్త్రి నా చేయి పట్టుకుని ఆపాడు.

"ఇప్పుడు కాదు. బండి నేల మీద నిలబడినంక."

బుష్‌లో లోపల ఒక గొట్టం, బయట ఒక గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కున్న రబ్బరు ఉంటాయి. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం ఫ్రేమ్‌కి గట్టిగా అంటుకుపోతుంది. ఇక అది తిరగదు. చేయి కదిలినప్పుడల్లా రబ్బరే మెలి తిరుగుతుంది. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకి విశ్రాంతి స్థితి అవుతుంది. బండిని కిందికి దించగానే, 1,300 కిలోలు పైన పడగానే, రబ్బరు మెలి తిరిగిపోతుంది. పార్కింగ్‌లో నిలబడి ఉన్నా ఆ మెలిక పోదు. అలాంటి కొత్త బుష్ కొన్ని నెలల్లోనే చినగొచ్చు. "జెన్యూన్ పార్టు వేయించినా ఆగలేదు" అని చాలామంది అంటుంటారు చూడండి, అందులో కొన్నిటి వెనక కథ ఇదే. పార్టు మంచిదే. బిగించిన సమయం తప్పు.

కాబట్టి చక్రాలు ఎక్కించి, బండిని దించి, నాలుగుసార్లు పైనుంచి నొక్కి ఊపి, షెడ్డులో ఉన్న సర్వీసు గుంత మీదకి నడిపించారు. ఇప్పుడు బండి తన బరువు మీద తను నిలబడి ఉంది. గుంతలోకి మేం ఇద్దరం దిగాం.

టార్క్ రెంచ్ చూసి మేస్త్రి నవ్వాడు. "30 ఏండ్ల సంది చేత్తోనే బిగిస్తున్న. చేతికి తెల్వదా?" నేను వాదించలేదు. మొదటి బోల్టు ఆయన పద్ధతిలోనే 70 అనుకున్నంత బిగించమన్నా. బిగించాడు. ఆ తర్వాత 70కి పెట్టిన రెంచ్ వేశా. కొంచెం కదిలి టిక్ అంది. చాలా కొంచెమే. ఆయన చేయి అబద్ధం చెప్పలేదు. కానీ ఆ కొంచెం చూశాక ఆయనే రెంచ్ తీసుకుని మిగిలినవన్నీ దాంతోనే బిగించాడు. 90 డిగ్రీలకి మాత్రం పెయింటు చుక్క పెట్టి, చుక్క పావు వంతు తిరిగేదాకా తిప్పాడు. నా దగ్గర ఉన్న యాంగిల్ యాప్ తీయనేలేదు.

ఆలోచిస్తే బరువు మీద బిగించాలన్న సంగతి ఆయనకి ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు. 30 ఏళ్లలో చినిగిన బుష్‌లు చూసి తెలుసుకున్నాడు. టార్క్ లెక్క నాకు ఎవరూ చేత్తో నేర్పలేదు. మాన్యువల్లో చదివా. ఆ గుంతలో రెండూ కలిశాయి కాబట్టే పని సరిగ్గా అయింది. పెద్ద గ్యారేజీలన్నీ మోసమని, సందులో మేస్త్రులందరూ దేవుళ్లని నేను చెప్పను. ఏం చెడిందో చక్రం ఊపి చూపించేవాళ్ల దగ్గరికి వెళ్లండి. అది ఎక్కడున్నా సరే.

ఖర్చూ, లెక్కా

వీల్ అలైన్‌మెంట్‌తో కలిపి నాకైన మొత్తం ఖర్చు ఆ పీడీఎఫ్‌లో ఉన్నదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. తీసేసిన పాత ఆర్మ్‌లోని వెనక బుష్‌ని మేస్త్రి నా చేతికిచ్చాడు. లోపలి గొట్టాన్ని వేలితో తిప్పితే తిరిగింది. ఇన్నాళ్లూ ఎడమ చక్రం దీని మీద ఆధారపడి ఔటర్ మీద తిరిగింది.

దసరా తర్వాతి గురువారం అక్కని తీసుకెళ్లా. దానికి ముందు మూడు రోజులు ఒక్కణ్నే తిప్పి చూశా. స్పీడ్ బ్రేకర్లు, రివర్స్, బ్రేక్, మేస్త్రి చేసిన పరీక్షలన్నీ. 50 కిలోమీటర్లు తిరిగాక షెడ్డుకి వెళ్లి పెయింటు గీతలు జరగలేదని చూపించుకున్నా. హైవే మీద అక్క చౌటుప్పల్ దాకా ఫోన్ మాట్లాడి, ఆ తర్వాత నిద్రపోయింది. సూర్యాపేటలో అమ్మ ముందు అక్కని దింపుకుంది. ఆ తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇంజిన్ మార్పిచ్చినవా?" అని అడిగింది. లేదమ్మా, చేతులు మార్పించా అంటే అర్థం కాలేదు. దిష్టి మాత్రం తీసింది, అక్కకే అనుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత పాత కారు ఉంచుకోవాలా? వచ్చే జనవరికి దీనికి 20 ఏళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషన్ మళ్లీ రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజుని కేంద్రం 2025 ఆగస్టులో 10 వేల రూపాయలు చేసింది. ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ అదనం. మా టీంలో అందరూ ఈఎంఐ మీద కొత్త బండ్లు తీసుకున్నారు, అందులో తప్పేం లేదు. వాళ్లకి ఆదివారాలు మిగులుతాయి.

నా లెక్క నేను ఇలా పెట్టుకున్నా. బాడీ కింద తుప్పు పట్టి ఇనుము పలచబడితే, లేదా ప్రాణం ఆధారపడే పార్టు మంచిది దొరకని రోజు వస్తే, ఆ రోజే కారుని తుక్కుకి ఇచ్చేస్తా. ఏపీ 09 మీద ఎంత ప్రేమ ఉన్నా సరే. అప్పటిదాకా ఫోన్‌లో ఒక జాబితా ఉంది. వెనక యాక్సిల్ బుష్‌లు, ఇంజిన్ మౌంటులు, బ్రేక్ గొట్టాలు. అన్నీ రబ్బరే. ఒక్కోదానికి పార్ట్ నంబరు, ఎప్పుడు చూడాలో తేదీ రాసిపెట్టా. మొదటిది డిసెంబరులో. మేస్త్రికి చెప్పేశా. "టక్ అన్నంక రాకు, ముందుగాల్నే రా" అన్నాడు.